‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక’: ఒక్క వాక్యంలో రెండు చింతలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అస్తిత్వ తత్త్వంలోనూ క్యాథలిక్ ఆలోచనలోనూ ‘కేర్’ అన్న భావన గురించి. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట చేతిలో ఉంది కాబట్టి వ్యాసకర్త జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ దగ్గర మొదలుపెట్టి, పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ మీదుగా, పోప్ ఫ్రాన్సిస్ లేఖ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయాడు. నాకు మాత్రం పేరా పేరాకీ బండి ఆగిపోతోంది. మొదట అన్నిచోట్లా ‘సంరక్షణ’ అని రాసేశాను. తీరా చదువుకుంటే ఏదో ప్రభుత్వ శాఖ బోర్డులా ఉంది. ‘మనిషి ఉనికే సంరక్షణ’ అంటే చదివేవాళ్ళకి ఏం బోధపడుతుంది?

అన్నిటికంటే పెద్ద చిక్కు 1 పేతురు 5:7 దగ్గర వచ్చింది. చాలామంది చేతుల్లో ఉండే పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంది: ‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి.’ మనం వదిలించుకోవాల్సింది చింత. దేవుడు మన గురించి చేస్తున్నదీ చింతే. దిగులు పడొద్దని చెప్పే వాక్యంలో దేవుడికి దిగులు అంటగట్టినట్టు లేదూ? రెండుచోట్లా ఒకే మాట పెట్టడం అనువాదకులు తెలిసి చేశారా? వ్యాసకర్త ఈ వాక్యం మీదే రెండు పేజీలు రాశాడు. నేను తప్పించుకునే దారి లేదు.

మొదటి జవాబు

‘శ్రద్ధ’ వాడండి మేడమ్, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. గీత పదిహేడో అధ్యాయం, మూడో శ్లోకం: ‘శ్రద్ధామయోఽయం పురుషో యో యచ్ఛ్రద్ధః స ఏవ సః’. మనిషి శ్రద్ధతో తయారైనవాడు, ఎవడి శ్రద్ధ ఎలాంటిదో వాడు అలాంటివాడే. మీ జర్మన్ ఆయన చెప్పినదానికీ దీనికీ తేడా ఏముంది? పైగా ‘పిల్లల చదువు మీద శ్రద్ధ పెట్టు’ అని రోజూ అనుకునే మాటే.

పేతురు వాక్యానికి కూడా గీతలోనే జవాబు ఉంది. తొమ్మిదో అధ్యాయంలో ‘అనన్యాశ్చింతయంతో మాం’ అని మొదలైన శ్లోకం ‘యోగక్షేమం వహామ్యహమ్’ అని ముగుస్తుంది. అక్కడ చింత అంటే దిగులు కాదు, తలపు. చింతన అన్న మాట ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉంది కదా. దేవుడు మన గురించి చింతిస్తే తప్పేమిటి?

రెండో జవాబు

చింతకి తలపు అన్న అర్థం ఉందన్నారు చూడండి, అది బంగారం లాంటి మాట. ‘శ్రద్ధ’తోనే నాకు పేచీ.

శ్రద్ధకి ఎదురుగా అశ్రద్ధ ఉంది. ఒకడికి ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. అందుకే దాన్ని పెంచుకోమని చెప్పగలం. హైడెగర్ వాడిన ‘జోర్గె’ (కేర్‌కి జర్మన్ మాట) అలాంటిది కాదు. 1927లో వచ్చిన ‘ఉనికి, కాలం’ పుస్తకం 26వ విభాగంలో ఆయన ఒక వింత మాట రాస్తాడు. ఒకరికోసం ఒకరు ఉండటం, ఒకరికి ఎదురు నిలవడం, ఒకరు లేకుండా ఒకరు బతకడం, పక్కనుంచి వెళుతూ కూడా పట్టించుకోకపోవడం, ఎదుటివాడు ఏమైపోయినా నాకేంటి అనుకోవడం, ఇవన్నీ కూడా తోటి మనిషి పట్ల మనకుండే ‘ఫ్యూర్జోర్గె’లో రకాలేనట! అంటే అశ్రద్ధ కూడా ఆయన లెక్కలో కేరే. రాయి రాయిని పట్టించుకోలేదని ఎవరూ అనరు. పట్టించుకోగలిగినవాడి గురించే పట్టించుకోలేదని అంటాం. కాబట్టి మీరు ఎంచుకునే తెలుగు మాటకి ఒకే ఒక్క పరీక్ష: దాని లేమి కూడా దాని పరిధిలోకే రావాలి. శ్రద్ధ ఈ పరీక్షలో తప్పుతుంది. సంరక్షణ అయితే హాల్‌టికెట్ కూడా తెచ్చుకోలేదు.

ఇంకో సంగతి. ఆయన 12వ విభాగంలోనే జాగ్రత్త చెబుతాడు: నేను జోర్గె అన్నప్పుడు బతుకు బాధలనో, దిగులునో, రోజువారీ బతుకు చింతనో తలుచుకోవద్దు అని. అలాగని కరుణా, దయా అని కూడా కాదు. 41వ విభాగంలో ఇచ్చిన నిర్వచనాన్ని మామూలు తెలుగులో చెప్పుకుంటే ఇంతే: మనిషి ఎప్పుడూ తనకంటే ఒకడుగు ముందుంటాడు, అంటే ఇంకా కాని దానివైపు చూస్తూ ఉంటాడు. అదే సమయంలో తాను ఎంచుకోని ఒక లోకంలో అప్పటికే పడి ఉంటాడు. ఈలోగా చేతికందిన వస్తువులతో, పనులతో తలమునకలై ఉంటాడు. ఈ మూడూ మూడు కావు, ఒకటే. దానికి ఆయన పెట్టిన పేరు జోర్గె. వస్తువులతో పెట్టుకునేది ‘బెజోర్గెన్’, మనుషులతో పెట్టుకునేది ‘ఫ్యూర్జోర్గె’. మూడు మాటల్లోనూ ఒకే ధాతువు వినిపిస్తోంది కదా. మీ తెలుగులో కూడా ఆ మూడూ తోబుట్టువుల్లా ఉండాలి. అసలు కష్టం అక్కడే.

ఇది తన సొంత కల్పన కాదని చూపించడానికి 42వ విభాగంలో ఒక పాత లాటిన్ కథ మొత్తం ఎత్తి రాశాడాయన. హైజీనస్ పేరు మీద ఉన్న కథల్లో 220వది. ‘కూరా’ (లాటిన్‌లో కేర్ అని) అనే దేవత ఏరు దాటుతూ బంకమట్టి చూసింది. ఆలోచనలో పడి, కాస్త మట్టి తీసుకుని బొమ్మ చేయడం మొదలుపెట్టింది. దేవతల రాజు జూపిటర్ వస్తే దీనికి ప్రాణం పొయ్యమని అడిగింది, పోశాడు. పేరు దగ్గర గొడవొచ్చింది. నా పేరంటే నా పేరని ఇద్దరూ వాదించుకుంటుంటే భూమి కూడా లేచి, ఒళ్ళు నాది కాబట్టి పేరూ నాదే అంది. తీర్పు చెప్పమని శాటర్న్‌ని అడిగారు. ప్రాణం ఇచ్చావు కాబట్టి చచ్చాక ప్రాణం నీది అని జూపిటర్‌తో అన్నాడు. ఒళ్ళు ఇచ్చావు కాబట్టి ఒళ్ళు నీది అని భూమితో అన్నాడు. మొదట రూపం ఇచ్చింది కూరా కాబట్టి, బతికున్నన్నాళ్ళూ వీడు ఆమె సొత్తు. పేరు మాత్రం ‘హోమో’, ఎందుకంటే ‘హ్యూమస్’ నుంచి, మట్టి నుంచి వచ్చాడు.

కథలో నాకు నచ్చేది పేరు గొడవ కాదు. ఆమె ‘ఆలోచనలో పడి’ మట్టి తీసుకుంది చూడండి, అది. ఆ లాటిన్ దేవతకి తెలుగులో పేరు పెట్టమంటే నేను ‘చింత’ అనే అంటాను. తలపూ ఉంది, ఆరాటమూ ఉంది.

ఇక పేతురు వాక్యం. మీ అనుమానం సగం న్యాయమే. గ్రీకు మూలంలో రెండు వేరే మాటలున్నాయి. మనం వేయాల్సింది ‘మెరిమ్నా’, అంటే ఆరాటం. దేవుడి వైపున్నది ‘మెలే’ అనే క్రియ, ‘ఆయనకి మీ గురించి పట్టింపు ఉంది’ అన్నట్టు. పాత లాటిన్ బైబిలు వల్గేట్ కూడా ఈ తేడా నిలబెట్టింది: మనది ‘సొల్లిచితూదో’, దేవుడిది ‘కూరా’. కానీ లూథర్ జర్మన్ బైబిల్లో మనం వేసేదీ ‘జోర్గె’యే, దేవుడు చేసేది కూడా ‘జోర్గ్ట్’. పాత ఇంగ్లీషు బైబిల్లోనూ అంతే, రెండుచోట్లా కేర్. తెలుగువాళ్ళు చింత రెండుసార్లు వాడారంటే ఒంటరిగా చేసిన పని కాదన్నమాట. పైగా పేతురు ఇక్కడ తలుచుకుంటున్నది ఒక కీర్తన. మన బైబిల్లో 55:22: ‘నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును.’ సరిగ్గా అక్కడ లాటిన్ కీర్తనల గ్రంథం మనిషి భారానికి ‘కూరా’ అని రాసింది! పేతురు దగ్గర దేవుడిదైన మాట కీర్తనలో మనిషిది. లాటినే ఒక తీరున లేనప్పుడు తెలుగుని తప్పుపట్టడం దేనికి?

హైడెగర్‌కి ఇదంతా కరతలామలకం. ఆ 42వ విభాగం కింద పాదసూచికలో మెరిమ్నా, సొల్లిచితూదో రెండూ ప్రస్తావిస్తాడు. అగస్టీన్ చెప్పిన మనిషి స్వరూపాన్ని అరిస్టాటిల్ వెలుగులో అర్థం చేసుకునే ప్రయత్నంలోనే జోర్గె మీదికి దృష్టి మళ్ళిందని కూడా చెప్పుకుంటాడు. 1921 వేసవిలో ఫ్రైబుర్గ్‌లో అగస్టీన్ ‘ఒప్పుకోళ్ళు’ పదో పుస్తకం పాఠం చెప్పాడు. ‘నాకు నేనే భారమయ్యాను’ అనే మాట ఉన్నది అందులోనే. హైడెగర్ చర్చిలో గంటలు కొట్టే ఉద్యోగి కొడుకు, 1909లో జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాసి సభలో నవశిష్యుడిగా చేరి రెండు వారాలకే గుండె బాగోలేక బయటికి వచ్చినవాడు, 1919లో క్యాథలిక్ వ్యవస్థ తనకిక ఒప్పుదల కాదని ఒక ఫాదర్‌కి ఉత్తరం రాసినవాడు. ఇల్లు ఖాళీ చేస్తూ ఒక్క సామాను మాత్రం పట్టుకొచ్చాడు, ఈ చింతని.

ప్రశ్న అడిగినామె

పరీక్ష బాగుంది. కానీ చింత పాసైందా? ‘నిశ్చింత’ అన్న మాట ఉంది కదండీ. ‘చీకూ చింతా లేకుండా’ అంటాం. లేమి బయటే ఉంది.

రెండో జవాబు రాసినాయన

పట్టేశారు. నిశ్చింత కూడా చింతించగలవాడికే దక్కుతుందని వాదించవచ్చు గానీ, చదివేవాడు అంత దూరం రాడు. చింత అనగానే ‘చితి చచ్చినవాణ్ణి కాలుస్తుంది, చింత బతికున్నవాణ్ణి కాలుస్తుంది’ అన్న సామెతే ముందొస్తుంది. కథలో దేవతకి సరిపోతుంది, సిద్ధాంతానికి చాలదు.

వ్యాకరణం వైపు నుంచి ఒక మాట

ఇంతసేపూ నామవాచకాల చుట్టూ తిరుగుతున్నారు. తెలుగు ప్రాణం క్రియలో కదా ఉంది. రెండు విషయాలు చెబుతాను.

ఒకటి. ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరివాళ్ళకి పౌలు రాసిన ఉత్తరం చూడండి. 4:6లో ‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అని ఉంది. అదే పత్రిక 2:20లో తిమోతిని మెచ్చుకుంటూ ‘మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు’ అన్నారు. గ్రీకులో రెండుచోట్లా ఒకే ధాతువు. ఒకచోట వద్దన్నదే ఇంకోచోట మెచ్చుకోలు. తెలుగులో ఒకటి ‘పడు’, ఇంకొకటి ‘ఇంచు’. బాధపడు, భయపడు, ఇబ్బందిపడు వీటిలో మనం కర్తలం కాదు, మన మీద ఏదో వచ్చి పడుతుంది. చింతించడం మనం చేసే పని. ఈ తేడా అనువాదకులు అన్నిచోట్లా పాటించలేదు. కొండమీది ప్రసంగంలో ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అనే ఉంది. కాబట్టి ఇది వాళ్ళ నియమం అనను. కానీ భాష ఆ అవకాశం ఇచ్చిందనీ, కనీసం ఒకచోట అది పనిచేసిందనీ అంటాను. అమ్మగారి మొదటి అనుమానానికి నా జవాబు కూడా ఇదే: పేతురు వాక్యంలో దేవుడు చింతిస్తున్నాడు, చింతపడటం లేదు.

రెండు. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు కేర్‌కి మనం ఏమంటాం? ‘అమ్మని ఎవరు చూసుకుంటున్నారు?’ ‘ఎవరూ పట్టించుకోవట్లేదు.’ ఈ రెండే. రెండిటిలోనూ ‘కొను’ ఉంది. చూడటం వేరు, చూసుకోవడం వేరు. కొను చేరితే పని ఫలం చేసేవాడి వైపు తిరుగుతుంది. ఇంకొకరిని చూసుకోవడంలో కూడా వ్యాకరణం నన్ను కలిపేసుకుంటుంది. డాక్టర్ రోగిని చూస్తాడు, కూతురు చూసుకుంటుంది.

‘చూసుకోలేదు’ అన్నది కూడా చూసుకోవాల్సినవాడి గురించే అంటాం. మీ పరీక్షలో ఇది పాసా ఫెయిలా మీరే చెప్పండి.

రెండో జవాబు రాసినాయన

పాస్, పైగా ఫస్ట్ క్లాస్. చెప్పాలంటే ఈ క్రియ నాకొక పాత తలనొప్పి కూడా తీర్చింది.

26వ విభాగంలోనే హైడెగర్ ఫ్యూర్జోర్గెలో రెండు కొసలు చూపిస్తాడు. ఒకటి, ఎదుటివాడి స్థానంలోకి ‘దూకడం’. వాడి పని మనం చేసేసి, అయిపోయాక వాడి చేతిలో పెట్టడం, లేదా వాడికి ఆ భారమే లేకుండా చేయడం. ఇలా చేస్తే వాడు మన మీద ఆధారపడిపోతాడు, మన చేతికింద ఉండిపోతాడు, ఒక్కోసారి ఆ సంగతి వాడికి తెలియను కూడా తెలియదు. రెండోది, వాడికి ‘ముందుకు దూకడం’. వాడి చింతని లాక్కోకుండా, అది వాడిదేనని వాడికి కనబడేలా తిరిగి అప్పజెప్పడం. ఇంగ్లీషులో ఇవి చదివిన ప్రతిసారీ ఏదో ఆటల పోటీలా ఉంటుంది. తెలుగులో ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

ఇప్పుడు వినండి. పదహారేళ్ళ పిల్ల ఏదో దరఖాస్తు ముందేసుకుని కూర్చుంది. ఒక గడి దగ్గర ఆగింది. తండ్రి వచ్చి కాగితం లాక్కుని, ‘లే, నేను చూసుకుంటాలే’ అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పని కూడా బాగా చేసిపెట్టాడు. అది మొదటిది. అదే తండ్రి పక్కన కూర్చుని, ఆ గడిలో ఏం అడుగుతున్నారో, తప్పు రాస్తే తర్వాత ఏమవుతుందో చెప్పి, ‘ఇక నువ్వు చూసుకో’ అని లేచాడనుకోండి. అది రెండోది. క్రియ ఒకటే. ‘చూసుకుంటాలే’, ‘చూసుకో’. ప్రత్యయంలో ఉంది తేడా అంతా. జర్మన్‌లో ఉపసర్గ మార్చాల్సి వచ్చింది, మనకి పురుష మారితే చాలు.

‘నీ సంగతి చూసుకుంటా’ అంటే బెదిరింపు కూడా అవుతుందని ఎవరో అనేలోగా నేనే అనేస్తున్నాను. అదీ ఫ్యూర్జోర్గెలో ఒక రకమే, ఎదురు నిలిచే రకం. హైడెగర్ వింటే సంతోషించేవాడు.

సెమినరీలో కొంతకాలం చదివిన సభ్యుడు

అన్నయ్యలిద్దరూ పదాలు బాగానే తూచారు. నేను అదే వాక్యంలో ఇంకెవరూ ముట్టుకోని మాట పట్టుకుంటాను: ‘గనుక’.

గ్రీకులోనూ లాటిన్‌లోనూ ముందు ‘మీ చింత ఆయన మీద వేసి’ అని వస్తుంది, కారణం తర్వాత వస్తుంది. తెలుగు కారణాన్ని ముందుకు తెచ్చింది: ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక. అది మన వాక్య స్వభావమే అనుకోండి, కానీ క్యాథలిక్ ఆలోచనలో క్రమం కూడా సరిగ్గా ఇదే. ముందు నన్ను ఒకరు చూసుకుంటున్నారు. నేను చూసుకోవడం దాని తర్వాతే, దాని వల్లే. హైడెగర్ చర్చి నుంచి చింతని తీసుకెళ్ళాడన్నారు, నిజమే. గనుకని వదిలేసి వెళ్ళాడు. అందుకే ఆయన మనిషికి చింతని వేయడానికి ఎవరూ లేరు, తనే మోసుకుంటూ చావుదాకా నడవాలి. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు, దేవుడి ప్రస్తావన లేకుండా రాయాలని పెట్టుకున్న పద్ధతికి అది న్యాయమే. కానీ కారణం తీసేసిన వాక్యంలో మిగిలిన సగం అదే అర్థంతో నిలబడదు.

ఈ మాట నాకంటే బాగా చెప్పినవారు ఎడిత్ స్టైన్. 1891లో యూదు కుటుంబంలో పుట్టారు, తత్త్వవేత్త హుస్సెర్ల్ దగ్గర సహాయకురాలిగా పనిచేశారు, 1922 జనవరి 1న జ్ఞానస్నానం తీసుకున్నారు. కార్మెల్ మఠంలో ఉండగా ‘పరిమిత ఉనికి, నిత్య ఉనికి’ అనే పెద్ద గ్రంథం రాశారు. ఆమె పోయాక 1950లో గానీ అచ్చు కాలేదు. దానికి అనుబంధంగా హైడెగర్ మీద విడిగా రాశారు కూడా. ఆమె వాదన సుమారుగా ఇది: నా ఉనికి క్షణక్షణం జారిపోయేదే, శూన్యం అంచున ఉన్నదే, ఒప్పుకుంటాను. కానీ క్షణక్షణం నిలబడుతున్నది కూడా నిజమే కదా? నన్ను ఎవరో పట్టుకుని ఉన్నారన్నది కూడా అంతే సూటిగా అనుభవంలోకి వస్తుంది. బలమైన చేయి ఎత్తుకున్న పసిబిడ్డ నిబ్బరం లాంటిది అది. ఆ బిడ్డ ప్రతి క్షణం పడిపోతానేమో అని బెంగపడుతూ ఉంటే అది వివేకం అనిపించుకుంటుందా అని అడుగుతారు. ఇంకొకటి కూడా అడుగుతారు: మనిషి ఎప్పుడూ ముందుకే ఉరుకుతున్నాడంటున్నారు, మరి సంతోషంలో, ప్రేమలో నిండిపోయి నిలిచిన క్షణాలో? అవి కూడా కాలంలోనివే కదా. చింత మనిషి గురించి నిజమే చెబుతుంది గానీ చివరి మాట కాదని ఆమె ఉద్దేశం.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. దేవుడు చూసుకుంటాడులే అని చేతులు ముడుచుకోవడం. అన్నయ్య చెప్పిన ‘నేను చూసుకుంటాలే’ తండ్రిలాంటివాడేనా దేవుడు? పేతురు అలా అనుకోనివ్వడు. ఏడో వచనం అయిందో లేదో ఎనిమిదో వచనం: ‘నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి.’ మెలకువ అంటే జాగ్రత్తే కదా, ఆ మాటలో ఉన్నది జాగరణే. చింతని ఆయన మీద వేయమన్నవాడే జాగ్రత్తని మన దగ్గరే ఉంచాడు. రాత్రి పడుకోబోయే ముందు చర్చి చేసే జపంలో తరతరాలుగా చదివింది కూడా ఈ ఎనిమిదో వచనమే. నిద్రపోబోయేవాళ్ళకి మెలకువగా ఉండమని చెప్పడం కాస్త తమాషాగానే ఉంటుంది!

సొల్లిచితూదో సంగతి కూడా చూడండి. రేపటి గురించి వద్దన్నది అదే. కానీ 2 కొరింథీ 11:28లో పౌలు ‘సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు’ అని మొరపెట్టుకున్నదీ అదే. చర్చి ఈ రెండోదాన్ని గట్టిగా పట్టుకుంది. ‘సంఘాలన్నిటి చింత’ అన్న లాటిన్ మాటలతో మొదలయ్యే ఆజ్ఞాపత్రంతోనే ఏడో పయస్ పోప్ 1814లో జెస్యూట్ సభని మళ్ళీ బతికించాడు. 1987లో రెండో జాన్ పాల్ పోప్ గారి సాంఘిక లేఖ కూడా ఇదే మాటతో మొదలవుతుంది. నా గురించి నాకుండే చింత వదులుకోవాల్సింది, నీ గురించి నాకుండే చింత మోయాల్సింది. మాట మారలేదు, అది తిరిగిన దిక్కు మారింది.

కూరా వైపు వస్తే, విచారణ (పారిష్) గురువుకి అప్పగించేది ‘కూరా అనిమారుమ్’, ఆత్మల బాగోగులు. ఫ్రెంచిలో గురువుని ‘క్యూరే’ అనడం, స్పానిష్‌లో ఏకంగా ‘కూరా’ అనేయడం అందుకే. 2020లో రోమ్ నుంచి వచ్చిన మంచి సమరయుని పేరుగల లేఖలో ఒక వాక్యం ఉంది, అవసాన దశలో ఉన్న రోగుల గురించి. నయం చేయలేని రోగి అంటే ఇక చూసుకోవక్కర్లేని రోగి అని ఎప్పుడూ కాదు అని దాని సారం. లాటిన్‌లో వైద్యానికీ చూసుకోవడానికీ కూరా అన్న ఒకే మాట ఉండటం వల్ల వాళ్ళకి అలా విడదీసి చెప్పాల్సి వచ్చింది. మనకి ‘నయం చేయడం’, ‘చూసుకోవడం’ ముందునుంచీ వేరే.

మొదటి జవాబు రాసినాయన

తమ్ముడూ, బాగా చెప్పావు. కానీ 1933 సంగతి ఎవరూ ఎత్తరేం? ఏప్రిల్‌లో ఈ చింతాతత్త్వవేత్త ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు, మే నెలలో నాజీ పార్టీలో చేరాడు. అదే ఏడాది ఎడిత్ స్టైన్‌కి యూదురాలన్న కారణంగా మ్యూన్‌స్టర్‌లో పాఠాలు చెప్పే పని పోయింది, అక్టోబర్‌లో కొలోన్ మఠంలో చేరింది. 1942 ఆగస్టులో ఆష్విట్జ్‌లో చంపేశారు. తోటి మనిషి చింత గురించి 26వ విభాగం రాసిన చెయ్యి ఆయనదే.

సెమినరీలో చదివిన సభ్యుడు

నిజమే అన్నయ్యా. దాన్ని 26వ విభాగానికి ఖండనగా మాత్రం తీసుకోలేను. పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోవడం కూడా ఫ్యూర్జోర్గెలో ఒక రకమని ఆయన రాశాడు, తప్పని మాత్రం ఎక్కడా రాయలేదు. నీతి చెప్పడం తన పని కాదన్నాడు. క్యాథలిక్ ఆలోచన ఆయనతో విడిపోయేది సరిగ్గా అక్కడే. లూకా పదో అధ్యాయంలో, దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి చూసి యాజకుడూ లేవీయుడూ చేసింది కూడా పక్కనుంచి పోవడమే; ఆగి చూసుకున్నవాడు సమరయుడు. కథ దాన్ని ఒక రకం అని వదిలేయదు. ‘నీవును వెళ్లి ఆలాగు చేయుము’ అంటుంది.

ప్రశ్న అడిగినామె

ఆ కథ ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్ళవాడి ఇంటికి తీసుకెళ్ళి ‘పరామర్శించెను’ అని పాత తెలుగులో ఉంది. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి ‘ఇతని పరామర్శించుము’ అంటాడు. లాటిన్‌లో రెండుచోట్లా కూరాయే. 1 కొరింథీ 12లో అవయవాలు ఒకదాన్నొకటి ‘పరామర్శించులాగున’ అని కూడా ఉంది. ఫ్యూర్జోర్గెకి ‘పరామర్శ’ వాడితే ఎలా ఉంటుంది?

వ్యాకరణం వైపు నుంచి

అమ్మా, వద్దు. మాట గొప్పదే, కానీ ఇప్పుడు పరామర్శ అంటే ఎవరో పోయారనో ఆసుపత్రిలో ఉన్నారనో పది నిమిషాలు కూర్చుని రావడం. పేపర్లో ‘బాధిత కుటుంబాన్ని పరామర్శించిన మంత్రి’ అని చదివి చదివి ఆ మాట అరిగిపోయింది. సమరయుడు రాత్రంతా ఉన్నాడు. డబ్బు కట్టాడు. ఎక్కువైతే మళ్ళీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. మంత్రిగారితో పోలికెక్కడ?

రెండో జవాబు రాసినాయన

సరిగ్గా చెప్పారు. నాకు నచ్చింది ఆ సత్రం ఏర్పాటు. సమరయుడు మొదట దూకాడు, దూకక తప్పదు, వాడు స్పృహలో లేడు. తర్వాత తప్పుకున్నాడు. ఆయన పేరు కూడా వాడికి తెలుసో లేదో. 26వ విభాగంలో ఉన్న రెండు కొసలూ ఒకే రాత్రిలో కనిపిస్తాయి. మీ వ్యాసకర్త ఈ పోలిక చేయకపోతే అడుగున అనువాదకురాలి గమనికగా మీరే రాయండి.

ప్రశ్న అడిగినామె

అది అత్యాశే గానీ, రాస్తాను. నిన్న రాత్రి కూర్చుని మొత్తం మళ్ళీ తిరగరాశాను. ‘జోర్గె’కి నామవాచకం వెతకడం మానేశాను. మొదటిసారి వచ్చినచోట జర్మన్ మాటే ఉంచి, ‘మనిషి తన్ను తాను చూసుకోవాల్సినవాడుగా ఉండటం’ అని విప్పి చెప్పాను. ఆపైన వాక్యాన్నిబట్టి ‘చూసుకోవడం’, వస్తువుల దగ్గర ‘పని చూసుకోవడం’, మనుషుల దగ్గర ‘ఒకరినొకరు చూసుకోవడం’. మూడూ తోబుట్టువుల్లాగే ఉన్నాయి. లాటిన్ కథలో దేవత పేరు ‘చింత’. పేతురు వాక్యాన్ని ముట్టుకోలేదు, పాతదే ఉంచేశాను, గనుక కింద మాత్రం ఒక గీత గీశాను.

ఒక్కటి మిగిలింది. ఫ్రాన్సిస్ గారి 2015 లేఖ ఉపశీర్షిక. ఇంగ్లీషులో ఉమ్మడి ఇంటి (అంటే ఈ భూమి) కేర్ అని ఉంది. లాటిన్‌లో చూస్తే కూరా లేదు, ‘కొలెందా’ అని ఉంది. సాగుచేయడం, కనిపెట్టి ఉండటం. ఆదికాండం 2:15లో ఏదెను తోటని ‘సేద్యపరచుటకును దాని కాచుటకును’ అన్నది గుర్తొచ్చింది. ‘మన ఉమ్మడి ఇంటిని కాచుకోవడం’ అని పెట్టాను. బాగుందా?

వ్యాకరణం వైపు నుంచి

కొను చేరింది, సంతోషం. కానీ కాచుకోవడం అంటే పొంచి ఉండటం కూడా. ‘ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకుని కూర్చున్నాడు’ అంటాం. ఇంటిని కాచుకోవడం అంటే దొంగ కూడా గుర్తొస్తాడు. ‘కాపాడుకోవడం’ అనండి. అందులో సేద్యం లేదంటారా, అయితే ‘సాకడం’ ఆలోచించండి.

ప్రశ్న అడిగినామె

ఇంటిని సాకుతారా ఎవరైనా?

వ్యాకరణం వైపు నుంచి

తోటనైతే సాకుతారు. ఆయన ఇల్లు అన్నది తోట గురించే కదమ్మా.